అదే కథ, అదే షాట్... మరి భయమేది?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఒకే బాధ చుట్టూ తిరిగాయి: ప్రాణప్రదంగా చూసుకున్న పాత హారర్ సినిమాని మళ్లీ తీసి ఉసూరుమనిపించడం. వాటిలో అయిదింటికి ఇక్కడ జవాబులు.

ప్రశ్న: 1960 నాటి ‘సైకో’ని 1998లో దాదాపు షాట్‌కి షాట్ దించేశారు. మాటలు అవే, సంగీతం అదే. అయినా ఒక్కచోటా గుండె ఝల్లుమనలేదు. లోపం ఎక్కడ?

షవర్ సీను, అంటే స్నానం చేస్తున్న అమ్మాయిని కత్తితో పొడిచి చంపే సీను అనగానే అందరం కత్తి గురించే మాట్లాడతాం. కానీ ఆ భయానికి పునాది అంతకు ముందు గడిచిన ముప్పావుగంటలో పడింది. 40,000 డాలర్లు ఎత్తుకొచ్చిన అమ్మాయి వెంటే మనం ప్రయాణిస్తాం. ఆమే కథానాయిక అనుకుంటాం. డబ్బు తిరిగి ఇచ్చేద్దామని ఆమె తేల్చుకోగానే మన మనసూ తేలికపడుతుంది. సరిగ్గా అప్పుడే ఆమెని చంపేస్తాడు దర్శకుడు హిచ్‌కాక్. సినిమా మొదలయ్యాక ఎవరినీ హాల్లోకి రానివ్వొద్దని ఆయన పట్టుబట్టింది ఆ దెబ్బ కోసమే. 1998 నాటికి ఆ చావు సంగతి తెలియనివాళ్లు చాలా అరుదు. రీమేక్‌లో డబ్బుని 4,00,000 డాలర్లకు పెంచారు గానీ, చేజారిపోయిన ఆ దెబ్బ స్థానంలో ఏం పెట్టాలన్నది ఆలోచించలేదు.

ఇక సీను సంగతి. హత్య జరిగేది 45 సెకన్లు. దానికోసం 78 కెమెరా సెటప్‌లు, 52 కట్‌లు. కత్తి, నోరు, నీటిధార, అరచెయ్యి... అన్నీ ముక్కలే. కత్తి ఒంట్లో దిగిన దృశ్యాన్ని మన బుర్రే కుట్టుకుంటుంది. నలుపు తెలుపు కాబట్టి చాక్లెట్ సిరప్ రక్తమైపోయింది. రంగుల్లో తీసిన రీమేక్‌లో రక్తం ఎర్రగా, స్పష్టంగా కనిపిస్తుంది. అది చాలదన్నట్టు మధ్యలో కమ్ముకొస్తున్న మేఘాల షాట్లు ఇరికించారు. రెండు కత్తిపోట్ల మధ్య మనం ఆకాశంలోకి వెళ్లొస్తే ఊపిరి పీల్చుకోవడానికి సందు దొరికేసినట్టే కదా! ఆమె దిగిన మోటెల్ నడిపే నార్మన్ గోడ రంధ్రంలోంచి తొంగిచూసే చోటా ఇదే తప్పు. పాతదానిలో చూపు మాత్రమే ఉంది. అతనేం చేస్తున్నాడో కొత్తది శబ్దంతో సహా చెప్పేసింది.

ఒక పని చేసి చూడండి. రెండు సినిమాల్లోనూ ఆ సీనుని ముందు శబ్దం లేకుండా చూడండి, తర్వాత కళ్లు మూసుకుని వినండి. సంగీత దర్శకుడు హెర్మన్ పాత సినిమాకి తీగవాద్యాలు తప్ప ఇంకేవీ వాడలేదు. మొదట ఆ సీనుకి సంగీతమే వద్దనుకున్న హిచ్‌కాక్ అది విన్నాక మనసు మార్చుకున్నాడు. శబ్దం తీసేశాక కూడా పాతది పట్టు వదలదు. కొత్తది ఎక్కడ వదిలేస్తుందో మీకే దొరుకుతుంది.

ప్రశ్న: ‘ద హాంటింగ్’ 1999 వెర్షన్లో అంత ఖర్చు, అన్ని గ్రాఫిక్స్ ఉన్నాయి. 1963 నాటి సినిమాలో దయ్యమే కనబడదు. మరి అదెందుకు ఎక్కువ భయపెడుతుంది?

కనబడదు కాబట్టే. రాబర్ట్ వైజ్ తీసిన పాత సినిమాలో తలుపు ఉబ్బే సీను గుర్తు చేసుకోండి. అవతల ఏదో ఉంది, తలుపు లోపలికి ఉబ్బుతోంది, మళ్లీ సర్దుకుంటోంది. పల్చటి చెక్కపొరలు అతికించి చేసిన తలుపుని వెనకనుంచి ఒక మనిషి నెట్టాడు, అంతే. చెక్కకి బరువుంది, అది నిజంగా వంగింది. గోడలు, వరండాలు కాస్త వంకరగా కనబడటానికి వైజ్ లెన్సులు తయారుచేసే పనావిజన్ కంపెనీ వాళ్ల 30 మిల్లీమీటర్ల లెన్స్ తీసుకున్నాడు. అదింకా పూర్తిగా తయారవలేదని, బొమ్మ వంకర పోతుందని వాళ్లు హెచ్చరించినా, ఆ వంకరే తనకు కావాలన్నాడు. ఇంటికేదో తేడా ఉందని మనకి అనిపిస్తూనే ఉంటుంది, ఏమిటన్నది మాత్రం అంతుచిక్కదు.

1999లో చెక్కిన బొమ్మలు తలలు తిప్పాయి, దుప్పట్లలో పిల్లల మొహాలు తేలాయి, చివరికి ఇంటి యజమాని దయ్యం నిలువెత్తున లేచింది. రూపం కనబడిన మరుక్షణం దానికి ఒక కొలత వచ్చేస్తుంది. కొలత తెలిసినదాన్ని ఎదుర్కోవడం ఎలాగో మనసు లెక్కలు మొదలుపెడుతుంది.

ప్రశ్న: రీమేకుల్లో హంతకుడి చిన్ననాటి కథ ఎందుకు పెడతారు?

రెండు గంటలు నింపాలి, పైగా ‘లోతు’ కావాలి. 1978 ‘హాలోవీన్’లో హంతకుడు మైకేల్ తన అక్కని ఎందుకు చంపాడో ఎవరూ చెప్పరు. టైటిల్స్‌లో మాస్కు వేసుకున్న మైకేల్ పాత్ర పేరు కూడా ‘ద షేప్’, అంటే ఒక ఆకారం, అంతే. మొహానికి రెండు డాలర్లు కూడా చెయ్యని, ‘స్టార్ ట్రెక్’ సీరియల్లోని కెప్టెన్ కర్క్ మాస్కు. దానికి తెల్లరంగు కొట్టి, కంటి రంధ్రాలు పెద్దవి చేశారు. ఆ ఖాళీ మొహంలో ఎవరి భయం వాళ్లు చూసుకున్నారు. 2007 వెర్షన్ అతనికి తిట్లతో వేధించే అమ్మ ప్రియుణ్ణి, ఏడిపించే బడిపిల్లల్ని ఇచ్చింది. కారణం దొరికింది, ఖాళీ నిండిపోయింది. నాకు ఇది అన్నిటికన్నా పెద్ద తప్పు అనిపిస్తుంది. గ్రాఫిక్స్ బాగోకపోతే ఆ సీను ఒక్కటే చెడుతుంది, వివరణ మాత్రం మొదటి సీనునుంచి చివరిదాకా పాకుతుంది.

ప్రశ్న: అసలు మంచి హారర్ రీమేకులే లేవా? ముందే పసిగట్టే మార్గం ఉందా?

ఉన్నాయి. మంచివాటిలో ఎక్కువ భాగం పాత సినిమాని కాపీ కొట్టినవి కావు. 1951 నాటి సినిమా వదిలేసిన అసలు పాయింటుని 1982 ‘ద థింగ్’ వెనక్కి తెచ్చుకుంది. 1938లో వచ్చిన మూలకథలో గ్రహాంతర జీవి మనుషుల రూపమే ఎత్తుతుంది, పక్కనున్నవాడిని కూడా నమ్మలేం. ఎవరు నిజమైన మనిషో తేల్చడానికి వేడి తీగతో రక్తాన్ని పరీక్షించే సీనుకి బలం ఆ అపనమ్మకమే. 1958 ‘ద ఫ్లై’లో శాస్త్రవేత్తకి ఈగ తల ఒక్కసారిగా వచ్చేస్తుంది. 1986 రీమేక్‌లో దర్శకుడు క్రోనెన్‌బర్గ్ దాన్ని రోజురోజుకీ ముదిరే జబ్బులా మార్చాడు. కాబట్టి ట్రైలర్ చూసేటప్పుడు పాత సీన్లు ఎన్ని గుర్తొచ్చాయో లెక్కపెట్టకండి. కథని చూసే కోణం మారిందా అన్నదే గమనించండి. పాత సీన్లే మెరుగుపెట్టి చూపిస్తుంటే డబ్బు దాచుకోవడం మేలు.

ప్రశ్న: 1984 ‘ఎ నైట్‌మేర్ ఆన్ ఎల్మ్ స్ట్రీట్’లో నిద్రపోతున్న అమ్మాయి పైన గోడలోంచి మనిషి ఉబికివచ్చే సీను నాకు చాలా ఇష్టం. మా షార్ట్ ఫిల్మ్‌లో అలాంటిది చెయ్యాలనుంది. 2010 రీమేక్‌లా గ్రాఫిక్స్‌కి వెళ్లాలా?

అక్కర్లేదు. ఆ రీమేక్‌లో తేలిపోయిన సీను అదే. గ్రాఫిక్స్ గోడ మైనంలా సాగుతుంది, లోపల ఎముక ఉన్నట్టే ఉండదు. 1984లో మంచం పైన గోడకి కన్నం పెట్టి, స్పాండెక్స్ అనే సాగే గుడ్డ బిగించి, వెనకనుంచి మనిషిని వాలమన్నారు.

మీరు నాలుగడుగుల వెడల్పు, అయిదడుగుల ఎత్తున్న చెక్క ఫ్రేమ్ చేయించండి. నాలుగువైపులా సాగే గుడ్డే తీసుకోండి. రెండువైపులే సాగేదైతే మొహం ఒత్తినప్పుడు అడ్డగీతలు పడతాయి. స్టేపుల్స్ మూలల్లో మొదలెట్టకండి. ఒక అంచు మధ్యలో ఒకటి, దానికి ఎదురు అంచు మధ్యలో ఒకటి కొట్టి, అలా మూలలవైపు జరగండి, ముడతలు రావు. గుడ్డకి మామూలు గోడరంగు వేస్తే బిరుసెక్కి పగిలిపోతుంది. అందుకని గుడ్డ రంగుకి సరిపోయేలా గోడకే రంగు వేయించండి.

చాలామంది దెబ్బతినేది లైటు దగ్గర. ఎదురుగా పెడితే ఉబ్బు చదునైపోతుంది. ఒకే లైటు, పక్కనుంచి, గోడకి దాదాపు ఆనుకునేలా పెట్టండి. ముక్కు, వేళ్లు వాటి నీడలతో సహా లేస్తాయి. ఫ్రేమ్ వెనక చీకటిగా ఉండాలి, నటుడు నల్లబట్టలు వేసుకోవాలి. లేకపోతే గుడ్డలోంచి ఆకారం కనబడిపోతుంది. ముందు అరచేతులు, తర్వాత నుదురు, నెమ్మదిగా ఒత్తమనండి. బిగించిన గుడ్డ ముక్కూ నోరూ మూసేస్తుంది కాబట్టి ఒక్కో టేక్ పదిహేను సెకన్లు దాటనివ్వకండి, వెనక ఇంకో మనిషిని తోడుంచండి.

ఉబికొచ్చిన ఆకారం వెనక్కి తగ్గేదాకా కెమెరా కదలకూడదు. కట్ చేశాక అమ్మాయి లేచి గోడ మీద తట్టే షాట్ ఒకటి తీసుకోండి. అది గుడ్డ మీద కాదు, గట్టి గోడ మీదే తీయండి, ఆ టకటక శబ్దం స్పష్టంగా వినబడాలి.