ఓ హేరి గురించి రాస్తున్న చిరంజీవికి

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసం చేరింది. రెండుసార్లు చదివి, మూడోసారి పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను. నీ తెలుగు బాగుంది, వాక్యం ఎక్కడా తడబడలేదు. ఓ హేరిని ఎంచుకోవడం కూడా నాకు నచ్చింది, ఎందుకంటే తన్నులే ప్రధానమైన కొరియా యుద్ధక్రీడ తైక్వాండో అనగానే మనవాళ్లకు తట్టే పేర్లలో ఆమె పేరు తొందరగా రాదు. అయితే నీ వ్యాసం 2016 ఆగస్టులో ఆమె స్వర్ణం అందుకున్న రియో ఒలింపిక్స్ పోడియం మీద మొదలై, కాస్త వెనక్కి వెళ్లి, మళ్లీ అదే పోడియం మీద ముగిసింది. 2008 నుంచి అప్పటిదాకా గడిచిన ఎనిమిదేళ్లకు నువ్వు కేటాయించిన మాటలు మూడు: ‘ఎన్నో అవరోధాలను అధిగమించి’. ఈ ఉత్తరమంతా ఆ మూడు మాటల గురించే.

ముందు ఒక చిన్న సంగతి చెప్పేస్తాను. ‘ఓ హేరి’ అని రాయగానే తెలుగు పాఠకుడికి అది సంబోధనలా వినిపిస్తుంది, లేదా ఎవరో ఒక హేరి అన్నట్టు వినిపిస్తుంది. నువ్వు మూడుచోట్ల ‘ఓ’ తీసేసి ‘హేరి’ అని మాత్రమే రాయడానికి కారణం అదే అనుకుంటాను. ‘ఓ’ ఆమె ఇంటిపేరు. కొరియన్లకూ మనకులాగే ఇంటిపేరు ముందుంటుంది కాబట్టి, ఈ విషయాన్ని తెలుగువాడికి ఒక్క వాక్యంలో చెప్పవచ్చు. మొదటి పేరాలోనే చెప్పెయ్యి, ఆ తరువాత నిశ్చింతగా పూర్తి పేరు వాడుకోవచ్చు.

ఇక అసలు విషయానికి వస్తాను. ఆమె 1988లో పుట్టింది. ఆ ఏడాదే సియోల్ ఒలింపిక్స్‌లో తైక్వాండోను ప్రదర్శన క్రీడగా ఆడించారు, పతకాల పట్టికలో చోటు దొరికింది మాత్రం 2000లో సిడ్నీలోనే. అప్పటినుంచి 2012 లండన్ దాకా ఒక నిబంధన ఉండేది: ఒక దేశం ఈ క్రీడకు గరిష్ఠంగా ఇద్దరు పురుషులను, ఇద్దరు స్త్రీలను మాత్రమే పంపాలి. ఆ ఆట పుట్టిన దేశం ప్రతిసారీ పతకాలన్నీ ఊడ్చుకుపోకుండా ఈ కట్టడి పనికివచ్చింది. కానీ దాని బరువంతా పడింది కొరియా క్రీడాకారుల మీదే. స్త్రీలకు ఒలింపిక్స్‌లో ఉన్నవి నాలుగు బరువు విభాగాలు. వాటిలో రెండింటికే కొరియా మనిషిని పంపగలిగేది, ఆ రెండింటిలోనూ ఒక్కొక్కరినే పంపగలిగేది. జాతీయ జట్టులో చోటు సంపాదించడం ఒలింపిక్ పతకం గెలవడంకన్నా కష్టమని ఆ దేశంలో అనుకునే మాట ఊరికే పుట్టలేదు. నీ పాఠకుడికి ముందు ఈ ఇరుకు దారిని చూపించు. అది చూడకపోతే ఓ హేరి ఇరవై ఎనిమిదేళ్ల వయసులో మొదటిసారి ఒలింపిక్స్‌కు ఎందుకు వచ్చిందో అతనికి అర్థం కాదు, అంతవరకూ ఆమె ఆట సరిపోలేదేమో అనుకుంటాడు.

ఆ దారిలో ఆమెకన్నా ముందు నిలబడి ఉన్న మనిషి హ్వాంగ్ క్యోంగ్‌సన్. నీ వ్యాసంలో ఈమె ఒకే ఒక్క వాక్యంలో, ‘అదృష్టం కలిసొచ్చిన ప్రత్యర్థి’గా కనిపిస్తుంది. నాకు చాలా అభ్యంతరంగా తోచిన వాక్యం ఇదే. హ్వాంగ్ 2004లో హైస్కూలు విద్యార్థినిగా ఏథెన్స్ వెళ్లి, ఆ తరువాత స్వర్ణం గెలిచిన చైనా క్రీడాకారిణి లువో వెయ్ చేతిలో ఓడినా, కాంస్యం తెచ్చుకుంది. 2005లోనూ 2007లోనూ ప్రపంచ విజేత అయింది. 2008లో బీజింగ్‌లో మోకాలికి గాయమైనా ఫైనల్ ఆడి, కెనడాకు చెందిన కరీన్ సెర్జెరీని 2-1తో ఓడించింది. 2012లో లండన్‌లో టర్కీ క్రీడాకారిణి నూర్ తతార్‌పై 12-5తో గెలిచి అదే 67 కేజీల విభాగంలో రెండో స్వర్ణం అందుకుంది. ఇలాంటి మనిషిని నువ్వు ప్రతినాయికగా చిత్రిస్తే, ఆమె వెనక నిలబడిన ఓ హేరి కూడా చిన్నదైపోతుంది. ఎవరి తరువాతి స్థానంలో ఉందో తెలిస్తేనే ఆ రెండో స్థానం ఎంత ఎత్తులో ఉందో తెలుస్తుంది.

బీజింగ్‌కు ముందు ఓ హేరి చేసిన పని హ్వాంగ్‌కు శిక్షణ భాగస్వామిగా ఉండడం. దీన్ని నువ్వు బ్రాకెట్లలో పెట్టి వదిలేశావు. నేనైతే ఇక్కడ ఒక పేజీ ఆగుతాను. శిక్షణ భాగస్వామి అంటే ఏమిటో మన పాఠకుల్లో చాలామందికి తెలియదు. ఒలింపిక్స్‌కు వెళ్లే మనిషి రేపు ఎదుర్కోబోయే విదేశీ క్రీడాకారిణుల్లా ఈ మనిషి ఆడి చూపించాలి: ఒకరిలా దూరం పాటించాలి, మరొకరిలా ముందుకాలు ఎత్తి అడ్డుపెట్టాలి, ఆ తన్నులన్నీ కాచుకోవాలి, మర్నాడు మళ్లీ రావాలి. చోటు దక్కనివాళ్లకు తమ ఆట తాము ఆడుకునే అవకాశం కూడా అక్కడ తక్కువే. ఇరవై ఏళ్ల పిల్ల ఈ పనికి ఒప్పుకుందన్నది రికార్డులో ఉన్న విషయం. అప్పుడు ఆమె మనసులో ఏముందన్నది మాత్రం రికార్డులో లేదు.

ఇక్కడే నీ వ్యాసంలో నన్ను ఆపేసిన మరో వాక్యం ఉంది: ‘ఆ రాత్రి హాన్ నది ఒడ్డున కూర్చుని ఆమె వెక్కివెక్కి ఏడ్చింది.’ నీకెలా తెలుసమ్మా? ఆమె ఎక్కడైనా చెప్పి ఉంటే, ఎక్కడ చెప్పిందో రాయి. చెప్పకపోతే ఆ కన్నీళ్లు నీవి, ఆమెవి కావు. నేనూ ఈ తప్పు చేసినవాణ్నే. చిన్న వయసులో ఒక జిల్లా స్థాయి క్రీడాకారుడి గురించి రాస్తూ, ఓడిన రోజున అతను అన్నం ముట్టలేదని రాశాను. పత్రిక చూసి అతను నాకు పంపిన కార్డు ముక్కలో ఉన్నది ఒకటే మాట, ఆ రోజు బిర్యానీ తిన్నానని. నలభై ఏళ్లయినా ఆ కార్డు గుర్తుకొస్తే చెవులు వేడెక్కుతాయి.

లండన్ సంగతికి వద్దాం. 2012 ఎంపిక పోటీలకు ముందు ఆమె తొడ కండరానికి గాయమైంది. ఆ చోటు మళ్లీ హ్వాంగ్‌కే దక్కింది. నువ్వు దీన్ని ‘విధి వక్రించింది’ అన్నావు. విధిని వదిలెయ్, గాయాన్ని రాయి. తైక్వాండోలో తొడ కండరం అంటే కాలు ఎంత ఎత్తుకు, ఎంత వేగంగా లేస్తుందన్న విషయం. తన పొడవైన కాళ్లను నమ్ముకుని తలను గురిపెట్టే క్రీడాకారిణికి అక్కడ దెబ్బ తగలడమంటే ఏమిటో రెండు వాక్యాల్లో చెప్పగలిగితే, విధి ప్రస్తావన అక్కర్లేదు.

బరువు సంగతి నువ్వు అసలు ముట్టుకోలేదు, అది లేకపోతే కథలో పెద్ద కన్నం పడుతుంది. ఆమె 2011లో గ్యోంగ్జు ప్రపంచ పోటీల్లో రజతం, 2015లో చెల్యాబిన్‌స్క్‌లో స్వర్ణం గెలిచింది 73 కేజీల విభాగంలో. ఒలింపిక్స్‌లో పోటీపడింది 67 కేజీల్లో. చదివేవాడు ఎందుకని అడుగుతాడు. ప్రపంచ పోటీల్లో స్త్రీలకు ఎనిమిది విభాగాలు ఉంటే ఒలింపిక్స్‌లో వాటిని నాలుగుకు కుదించారు, అందులో 73 అన్నది లేదు. కాబట్టి ప్రపంచ విజేతకు రెండే దారులు: ఆరు కేజీలు తగ్గి 67లోకి దిగడం, లేదా తనకన్నా బరువైనవాళ్లు ఉండే 67 దాటిన విభాగంలోకి ఎక్కడం. మన పాఠకుడికి ఈ మెలిక చెప్పడానికి కరణం మల్లీశ్వరి ఉంది. 1994, 1995లలో 54 కేజీల విభాగంలో ప్రపంచ విజేత అయిన ఆమె సిడ్నీలో కాంస్యం గెలిచింది 69 కేజీల్లో అన్న సంగతి మనవాళ్లకు చెబితే, విభాగం మారడమంటే ఒళ్లే మారడమని వెంటనే పట్టుకుంటారు. ఒకటి పైకి, ఒకటి కిందికి, అంతే తేడా. ఒక్క వాక్యం చాలు, అంతకుమించి లాగితే వ్యాసం శ్రీకాకుళం వెళ్లిపోతుంది.

రియోకు వచ్చేసరికి దారి కొద్దిగా వెడల్పయింది. ప్రపంచ ర్యాంకింగ్‌లో మొదటి ఆరు స్థానాల్లో ఉన్నవారికి నేరుగా ఒలింపిక్ బెర్తు ఇవ్వడం మొదలైంది. దాంతో నలుగురి పరిమితి దాటి కొరియా ఈసారి ఐదుగురిని పంపగలిగింది. వారిలో స్వర్ణాలు తెచ్చినవాళ్లు ఇద్దరూ స్త్రీలే: 49 కేజీల్లో కిమ్ సోహుయి, 67లో ఓ హేరి. నియమం మారడంవల్ల దొరికిన అవకాశాన్ని నియమంగానే రాయి. ‘పట్టుదల ఫలించింది’ అన్న వాక్యాన్ని నేను కొట్టేశాను. పట్టుదల 2008లోనూ ఉంది, 2012లోనూ ఉంది.

ఇప్పుడు ఆ ఫైనల్ రోజు. ఇక్కడ నీకు తొందర ఎక్కువైంది. ఒకే రోజులో నాలుగు పోటీలు జరిగాయన్న సంగతే నీ వ్యాసంలో తెలియదు. మొదట కెనడాకు చెందిన మెలిస్సా పాన్యోటాపై 9-3, తరువాత చైనీస్ తైపీ క్రీడాకారిణి చువాంగ్ చియాచియాపై 21-9, సెమీఫైనల్లో అజర్‌బైజాన్‌కు చెందిన ఫరీదా అజీజోవాపై 6-5, ఫైనల్లో ఫ్రాన్స్‌కు చెందిన హాబీ న్యారేపై 13-12. ఈ నాలుగు అంకెలను పక్కపక్కన పెట్టి చూడు. మధ్యాహ్నం పన్నెండు పాయింట్ల తేడాతో గెలిచిన మనిషి, ఆ తరువాత రెండుసార్లు ఒక్క పాయింటుతో బయటపడింది. న్యారే 2013లో ఇదే బరువులో ప్రపంచ విజేత. రెండో రౌండులో ఓ హేరి ఆమె తలకు తగిలించిన తన్నులే స్కోరును తిప్పాయి, మూడో రౌండులో ఆ ఆధిక్యం కరుగుతూ కరుగుతూ ఒక్క పాయింటు దగ్గర ఆగింది. ఈ కరగడాన్ని రాయి. ‘చిత్తు చేసింది’ అన్న మాట 13-12కు ఎలా సరిపోతుంది?

మాటల దగ్గరికి వచ్చాం కాబట్టి ఒకటి చెప్పాలి. నీ శీర్షికలో ‘పసిడి పంచ్’ ఉంది. తైక్వాండోలో పిడిగుద్దుకు ఒక్క పాయింటే వస్తుంది, అదీ ఛాతీకవచం మీద పడితేనే. ఆమెకు స్వర్ణం తెచ్చింది కాళ్లు. అలాగే ‘మట్టికరిపించింది’ కుస్తీ మాట, ‘ఉడుంపట్టు’ కబడ్డీ మాట. పత్రికల క్రీడాపేజీ మనకు ఇచ్చిన ఈ మాటల మూట ప్రతి ఆటకూ అతుకుతుందన్న భ్రమ కలిగిస్తుంది. తన్ను అన్న తెలుగు మాట నీకు మొరటుగా అనిపించి ‘కిక్’ అని రాసుకున్నావు, దానికి నాకు అభ్యంతరం లేదు, కానీ ఎలాంటి కిక్కో చెప్పు. రియోలో ఛాతీకి తగిలితే ఒకటి, తలకు తగిలితే మూడు, తిరిగి తలకు తన్నితే నాలుగు పాయింట్లు. బీజింగ్‌లో హ్వాంగ్ 2-1తో గెలిచిన ఫైనల్లో తలకు రెండే పాయింట్లు, పైగా తగిలిందా లేదా అన్నది మూలల్లో కూర్చున్న న్యాయనిర్ణేతలు కంటితో చూసి మీట నొక్కేవారు. లండన్ నాటికి ఛాతీకవచంలో, రియో నాటికి తలకు పెట్టుకునే రక్షణ టోపీలో కూడా ఎలక్ట్రానిక్ పరికరాలు వచ్చాయి. అందుకే 2-1కీ 13-12కీ మధ్య ఉన్న తేడా ఇద్దరు క్రీడాకారిణుల దూకుడులో తేడా అని నువ్వు రాసిన వాక్యం తప్పు. ఆటే మారింది.

ఇక ముగింపు. నీ వ్యాసం పోడియం మీదే ముగిసిందని మొదట్లోనే అన్నాను, అలా ముగించవద్దు, కారణం ఆమె పని అక్కడ ముగియలేదు. 2024లో పారిస్‌లో ఆమె కొరియా జట్టు కోచ్‌గా ఉంది. ఆగస్టు 9న గ్రాండ్ పాలేలో పురుషుల 80 కేజీల తొలి పోటీలో ఆమె శిష్యుడు సో గన్‌వూ చిలీకి చెందిన హోవాకిన్ చర్చిల్‌తో ఆడుతున్నాడు. మొదటి రౌండు పోయింది. రెండో రౌండు 16-16తో సమమైంది. సమమైనప్పుడు తిరిగి తన్నిన తన్నులతో ఎవరు ఎక్కువ పాయింట్లు తెచ్చుకున్నారో చూడాలి, ఆ లెక్క సో గన్‌వూ వైపు ఉంది. అయినా చర్చిల్ గెలిచాడని ప్రకటించారు. రెండు రౌండ్లు పోతే పోటీ అయిపోయినట్టే, క్రీడాకారులు మ్యాటు దిగిపోతే ఆ ఫలితాన్ని తిప్పడం దాదాపు అసాధ్యం. ఓ హేరి మ్యాటు మీదికి పరుగెత్తి రిఫరీని ఆపింది. లెక్క మళ్లీ చూశారు, నిర్ణయం మారింది, మూడో రౌండును సో గన్‌వూ 14-1తో గెలిచాడు. నియమం ఉల్లంఘించి మ్యాటెక్కినందుకు ప్రపంచ తైక్వాండో సంస్థ ఆమెను హెచ్చరించింది. శిష్యుడు చివరికి పతకం లేకుండానే తిరిగి వెళ్లాడు. ఆ రోజే, అదే వేదికమీద, స్త్రీల 67 కేజీల స్వర్ణం కూడా తేలింది.

ఈ చివరి పేరాలో నీ వ్యాఖ్యానం ఏమీ వద్దు. 2008, 2012 సంవత్సరాలు పాఠకుడి తలలో అప్పటికే ఉంటాయి, నువ్వు వాటిని గుర్తుచేస్తే దృశ్యం పలచబడుతుంది. 16-16 అన్న అంకెతో పేరా మొదలుపెట్టి, ఆమె కుర్చీలోంచి లేచిన క్షణం దగ్గర వాక్యాలు కుదించు. హెచ్చరిక సంగతి మాత్రం దాచవద్దు, మెచ్చుకునే తొందరలో చాలామంది అది వదిలేస్తారు.

పెన్సిలు గుర్తులున్న నీ ప్రతిని విడిగా తపాలాలో పంపుతున్నాను. పదకొండో పేజీలో ‘వయసు మీరిన క్రీడాకారిణి’ అన్నచోట గీత గట్టిగా పడి కాగితం చిరిగింది, క్షమించు. ఇరవై ఎనిమిదేళ్లు అంటే ఏమిటో నా వయసువాడికి బాగా తెలుసు. రెండో ప్రతి పూర్తికాగానే పంపు, ఈసారి శీర్షిక లేకుండా.

ఆశీస్సులతో.