మార్చురీ దగ్గర కెమెరా ఎత్తేముందు

చిట్టీ,

తిరుపతిలో విలేకరిగా క్రైమ్ బీట్ తీసుకున్నావని మీ అమ్మ చెప్పింది. సంతోషమే గానీ గుబులుగానూ ఉంది. రుయా ఆసుపత్రి మార్చురీ, భాకరాపేట ఘాటు, మొగిలి ఘాటు, అన్నీ నీ దారిలోవే.

అంబులెన్సుకు అడ్డం నిలబడొద్దు, పోలీసులు కట్టిన తాడు దాటొద్దు. ఇవి నీకు తెలిసినవే.

ఫోటోలో శవం ముఖం మసక చేస్తే పని అయిపోయిందనుకోవడం మన న్యూస్ డెస్కులకు పాత జబ్బు. ఇంటివాళ్లకు ముఖమే అక్కర్లేదే! చీర అంచు, కాలి మెట్టెలు, ముంజేతి పచ్చబొట్టు, పక్కన పడున్న బండి నంబరు చాలు. కానిస్టేబులు ఫోను చేసేలోపే ఊరి వాట్సాప్ గ్రూపు మోగుతుంది. అందుకే గుడ్డ కప్పాకే, దూరం నుంచే తియ్యి. నంబరు ప్లేటు ఫ్రేములో పడనీకు. ఫోనులో మార్కరుతో రుద్దితే, వెలుతురు పెంచగానే కింద ముఖం తేలొచ్చు. నిండు నలుపు పెట్టె పెట్టి, కొత్త ఫైలుగా దాచి, దాన్నే పంపు. అదీ డెస్కులో ఒక్కరికే, గ్రూపులో కాదు.

అత్యాచారం కేసైతే చనిపోయినామె పేరు, ఊరు, ఇల్లు ఏదీ బయటపెట్టకూడదు. భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు. కన్నవాళ్లు సరేనన్నా చాలదని సుప్రీంకోర్టు 2018లోనే చెప్పింది. పిల్లలైతే వాళ్లపై లైంగిక నేరాల చట్టం పోక్సోలో 23వ సెక్షన్ ఉంది. ఇక్కడ 'పక్క చానల్ వేసేసింది' అని సాకు చెప్పావంటే నా చేత తిట్లు తింటావు.

అలాగని శవం ఫోటో అసలే వద్దనను. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవిలో పోలీసు కాల్పుల్లో 20 మంది చనిపోయారు. శవాలు, పక్కన ఎర్రచందనం దుంగలు పడున్న తీరు ఫోటోల్లో చూశాకే చాలామంది పోలీసులు చెప్పిన ఎన్‌కౌంటరు కథను నిలదీశారు. అలాంటి చోట గమ్మున తిరిగొస్తేనే తప్పు. చావుకు జవాబు చెప్పాల్సినవాళ్లు తప్పించుకుంటున్నప్పుడు ఫోటో సాక్ష్యం. లారీ కింద పడ్డవాడి ఫోటో ఎవరికి సాక్ష్యం? వ్యూస్‌కు తప్ప దేనికీ పనికిరాదు.

సాక్ష్యం అనుకున్నదాన్ని కార్డులో ముట్టుకోకుండా ఉంచి, రెండు చోట్ల కాపీ పెట్టు. మామూలుగా వాట్సాప్‌లో పంపితే తీసిన సమయం, చోటు వివరాలు ఊడిపోతాయి.

వాట్సాప్‌లో మీడియా ఆటో డౌన్‌లోడ్ ఈ పూటే ఆపెయ్. నీ ఫోనులో పెళ్లి ఫోటోలు చూడాలని అమ్మ ఊరికే గ్యాలరీ తెరుస్తుంటుంది. ఎడిటర్ మరీ ఒత్తిడి చేస్తే అర్ధరాత్రయినా నాకు ఫోను చెయ్యి.

పెదనాన్న