పాకీ అంటే శుభ్రతే. మరి ఆ మాట తిట్టెలా అయింది?

సందేహం: మా ఊరి పంచాయతీ కార్మికులకు సన్మానం చేస్తూ ఫ్లెక్సీ వేయిస్తున్నాం. 'పాకీవాళ్ళు' అని రాస్తే తప్పేముంది, ఆ మాటకి అర్థం శుభ్రతేగా అన్నారొక పెద్దాయన. నిజమేనా? 'పారిశుధ్యం', 'పారిశుద్ధ్యం' – ఏది ఒప్పు?
– ఒక పాఠకురాలు, అమలాపురం

సమాధానం: అర్థం నిజమేనండి. ఫారసీలో పాక్ అంటే శుభ్రమైనది, పాకీ అంటే శుభ్రత. ఉర్దూ మీదుగా మనకొచ్చింది. అయినా పెద్దాయన మాట నేను ఒప్పుకోను.

చిన్నప్పుడు పాలకొల్లులో మా దొడ్డిగోడకి అడుగున ఒక రేకు తలుపుండేది. తెల్లారకముందే ఒకావిడ వెనక సందులోంచి వచ్చి, తలుపెత్తి, రేకుతో మలం గీకి బుట్టకెత్తుకునేది. బూడిద చల్లి వెళ్ళేది. 'పాకీ వచ్చింది, నీళ్ళు పొయ్యండే' అని నాయనమ్మ కేకేసేది. బిందె తగలకుండా పైనుంచి పోసేవాళ్ళం. 'వైద్యం వచ్చింది' అని ఎవరూ అనరు, డాక్టరుగారు వచ్చారంటారు. ఈవిడకి మాత్రం పనే పేరైపోయింది. అన్నేళ్ళు వచ్చినా ఆవిడ పేరు మా ఇంట్లో ఎవరికీ తెలీదు. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. కోస్తా పట్టణాల్లో ఈ పని ఎక్కువగా రెల్లి కుటుంబాల మీదే పడింది. కులానికి అంటగట్టిన అంటు మాటకీ అంటింది. చివరికి 'పాకీదొడ్డి' అనేదాకా వచ్చాం.

మనిషి చేత ఎత్తించే దొడ్లను 1993 చట్టం నిషేధించింది. రక్షణ పరికరాలు లేకుండా సెప్టిక్ ట్యాంకులోకి దించడం 2013 చట్టం ప్రకారం నేరం. అయినా ట్యాంకు నిండితే 'వాళ్ళల్లో ఎవరైనా ఉన్నారేమో చూడు' అంటాం. ఆ 'వాళ్ళు' ఎవరో ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

'మరుగుదొడ్డి' సంగతీ చూడండి. మరుగు అంటే చాటు, దొడ్డి అంటే పెరటి జాగా. పెరడున్నవాళ్ళ మాట అది. డెల్టాలో దళితపేటల్లో చాలామందికి ఇల్లు కట్టుకునే చోటే ఇరుకు, గొయ్యి తవ్వితే కాస్త లోతులోనే నీళ్ళు. చుట్టూ ఉన్న పొలాలు ఇంకొకరివి. అందుకే అక్కడి ఆడవాళ్ళు చీకటుండగానే 'గట్టుకెళ్ళొస్తా' అని లేచేవారు.

ఇక వర్ణక్రమం. 'పరిశుద్ధ' నుంచి వచ్చింది కాబట్టి 'పారిశుద్ధ్యం' ఒప్పు. పత్రికల్లో కనిపించే 'పారిశుధ్యం' వాడుకలో నలిగిన రూపం. ఫ్లెక్సీ మీద 'పారిశుద్ధ్య కార్మికులు' అని వేయించండి. దాని కింద ఒక్కొక్కరి పేరూ ఇంటిపేరుతో సహా, 'గారు' చేర్చి రాయించండి.