నియమించారా, నియమితులయ్యారా, వేశారా?

సందేహం: నమస్తే సార్. హనుమకొండ అదాలత్ సెంటర్‌లో నాకు చిన్న జిరాక్స్, డీటీపీ షాపు ఉంది. వకీలు సార్ల కాగితాలు టైపు చేస్తుంటాను. అమెరికా వార్తల్లో ఒకే పదవిని ఒక పేపరు ‘న్యాయశాఖ మంత్రి’ అంటే, ఇంకొకటి ‘అటార్నీ జనరల్’ అంది. మనకూ అటార్నీ జనరల్ ఉన్నారు కదా, రెండూ ఒకటేనా? ‘నియమించబడ్డారు’ అని రాయవచ్చా? ‘యాక్టింగ్’కు తెలుగులో ఏమనాలి?

సమాధానం: అదాలత్‌లో కూర్చుని అడిగారు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడదాం. అదాలత్ అంటే కోర్టే. నిజాం కాలం పోయి, వాడుకలోకి కోర్టు వచ్చినా, ఆటోవాళ్లు ఇప్పటికీ ‘అదాలత్, అదాలత్’ అనే పిలుస్తారు. ‘న్యాయస్థానం కూడలి’ అంటే ఎక్కేవాళ్లు ఉండరు. పదవుల పేర్లూ అంతే. అటార్నీ జనరల్‌ను అలాగే ఉంచండి. అయితే పని ఏమిటో పక్కన ఒక ముక్క చెప్పాలి, ఎందుకంటే పేరు ఒకటే అయినా పనులు వేరు.

మన అటార్నీ జనరల్ కేంద్ర ప్రభుత్వానికి పెద్ద వకీలు. రాజ్యాంగం 76వ అధికరణం కింద రాష్ట్రపతి నియమిస్తారు. పార్లమెంటులో మాట్లాడవచ్చు, ఓటు లేదు. ఆయన కింద శాఖ ఉండదు. న్యాయశాఖకు మంత్రి వేరు. అమెరికాలో అలా కాదు. అక్కడ అటార్నీ జనరలే న్యాయశాఖకు అధిపతి, మంత్రివర్గంలో సభ్యులు కూడా. పదవి 1789లో పుట్టింది, శాఖ 1870లో. అంటే ఇల్లు కట్టకముందే ఇంటి పెద్ద ఉన్నారన్నమాట! ఎఫ్‌బీఐ, ఫెడరల్ జైళ్లు ఆ శాఖ కిందివే. మన కేంద్ర న్యాయశాఖ చేతిలో పోలీసులూ లేరు, జైళ్లూ లేవు. అందుకే ‘న్యాయశాఖ దాడులు’ అని చదివితే మనవాళ్లకు జడ్జీలు దాడి చేశారా అనిపిస్తుంది. ‘న్యాయశాఖ మంత్రి’ అన్న పేపరుది పూర్తిగా తప్పు కాదు, కానీ మన మంత్రే మనసులో మెదులుతాడు. ‘న్యాయశాఖకు అధిపతి అయిన అటార్నీ జనరల్’ అని మొదటిసారి రాసి, తర్వాత అటార్నీ జనరల్ అంటే చాలు.

ఇక ‘నియమించబడ్డారు’. వ్యాకరణం ఒప్పుకుంటుంది, చెవి ఒప్పుకోదు. మన ఊళ్లో ఎవరైనా ‘మా మండలానికి కొత్త ఎస్సై నియమించబడ్డాడు’ అంటారా? ‘కొత్త ఎస్సైని వేసిండ్రు’ అంటారు. ఎవరు వేసిండ్రు? ఎస్పీనా, పైవాళ్లా? చెప్పనక్కర్లేదు. కర్త లేకుండా వాడిన ఆ ‘-ఇండ్రు’, రాతలోని ‘-ఆరు’, ఇంగ్లిష్ కర్మణి (ప్యాసివ్ వాయిస్) చేసే పనంతా చేసేస్తాయి. తెలుగువాడికి ‘బడు’ అవసరం తక్కువ పడటానికి కారణం ఇదే అని నా నమ్మకం. రాతలో ‘నియమించారు’, గౌరవంగా కావాలంటే ‘నియమితులయ్యారు’.

కానీ మీరు అడగని చిక్కు ఇక్కడే ఉంది. అమెరికాలో అధ్యక్షుడు పేరు చెప్పగానే నియామకం అయిపోదు, సెనేట్ ఆమోదించాలి. 2024 నవంబరు 13న ట్రంప్ ఈ పదవికి మ్యాట్ గేట్జ్ పేరు ప్రకటించారు. ఆ రోజు ‘గేట్జ్ నియమితులయ్యారు’ అని ఎవరైనా రాసి ఉంటే, ఎనిమిది రోజులకే నాలుక కరుచుకోవాలి. 21న ఆయన తప్పుకున్నారు. అదే రోజు పామ్ బాండీ పేరు వచ్చింది. సెనేట్ 54-46 ఓట్లతో ఆమోదించింది 2025 ఫిబ్రవరి 4న. కాబట్టి నవంబరులో ‘ఎంపిక చేశారు’ లేదా ‘పేరు ప్రతిపాదించారు’, ఫిబ్రవరిలో ‘నియమితులయ్యారు’. ఆమె అంతకుముందు ఫ్లోరిడా రాష్ట్ర అటార్నీ జనరల్. అక్కడ ఆ పదవికి ప్రజలే ఓటేస్తారు, కనుక ‘ఎన్నికయ్యారు’ అనాలి. మన రాష్ట్రంలో ఆ స్థాయి పదవి అడ్వకేట్ జనరల్. గవర్నర్ నియమిస్తారు, ఎన్నిక లేదు.

‘యాక్టింగ్’ అనగానే సినిమా గుర్తొస్తుంది గానీ, ఆఫీసుల్లో మనకు దీనికి మంచి మాటే ఉంది: ఇన్‌చార్జి. కుర్చీ ఖాళీగా ఉంటే ఒకరికి అప్పగిస్తారు, సొంత మనిషి వచ్చేదాకా. ‘తాత్కాలిక’ రాసినా తప్పు లేదు, కాకపోతే టెంపరరీ ఉద్యోగి అనుకునే ప్రమాదం ఉంది. ‘ఆపద్ధర్మ’ మాత్రం వద్దు. ఎన్నికల ముందు రాజీనామా చేసి కొనసాగే ప్రభుత్వానికి ఆ మాట స్థిరపడిపోయింది.

ఇంకొక్కటి, టైపు చేసేవారు కాబట్టి. ఇంగ్లిష్‌లో బహువచనం ‘అటార్నీస్ జనరల్’, ఎందుకంటే అక్కడ జనరల్ అనేది విశేషణం, సైన్యంలో జనరల్ కాదు. తెలుగులో ఆ తిప్పలు లేవు. ‘అటార్నీ జనరల్‌లు’ అని నిశ్చింతగా కొట్టండి.