‘అది’ ఎప్పుడు ‘వాడు’ అవుతుంది?

అమ్మాయ్,

నీ కథ అందింది. ఒకసారి బస్సులో, ఇంకోసారి ఇంట్లో పెన్సిల్ పట్టుకుని చదివాను. పిల్లల కోసం మర మనిషి కథ రాయాలనుకోవడం నాకు నచ్చింది. మొహమాటం లేకుండా చెప్పమన్నావు కాబట్టి చెబుతున్నాను, మీ అమ్మతో నా మీద చాడీలు చెప్పకు. నీ యంత్రమిత్ర బొత్తిగా మంచివాడు. పదహారు భాషలు వచ్చు, కొండల్ని పిండి చేస్తాడు, ఆఖరి పేజీలో కన్నీళ్లు కూడా పెట్టుకుంటాడు. కథ పక్కన పెట్టగానే నాకు వాడి మొహం గుర్తు రాలేదు.

ఎక్కడ తేడా వచ్చిందా అని చూస్తే మొదటి వాక్యంలోనే దొరికింది. ‘యంత్రమిత్ర తలుపు తీశాడు’ అని మొదలుపెట్టావు. తీశాడు! అప్పుడేనా? తలుపు తీసింది ఇంకా యంత్రమే కదా. మన భాషలో వస్తువుకో క్రియ, మనిషికో క్రియ ఉన్నాయి. ఒకదాని నుంచి ఇంకోదానికి పాఠకుడు తనంతట తాను జారాలి, నువ్వు తోయకూడదు.

‘లాస్ట్ ఇన్ స్పేస్’ అని అమెరికాలో సి.బి.ఎస్. టీవీ వాళ్లు 1965 సెప్టెంబరు నుంచి 1968 మార్చి దాకా వేసిన సీరియల్ ఉంది. నిర్మాత ఇర్విన్ అలెన్. మొత్తం 83 ఎపిసోడ్లు. కథ వాళ్లకు అప్పటికి భవిష్యత్తయిన 1997లో మొదలవుతుంది. రాబిన్సన్ అనే కుటుంబం జూపిటర్ 2 అనే అంతరిక్ష ఓడలో ఆల్ఫా సెంటారీ నక్షత్రం వైపు బయల్దేరుతుంది. ఆ ఓడలో ఒక రోబో ఉంటుంది. దానికి పేరు లేదు. అందరూ ‘రోబో’ అనే పిలుస్తారు. గాజు తల, ముడతలు ముడతలుగా సాగే గొట్టాల చేతులు, వాటి చివర పంజాలు, మాట్లాడితే వెలిగే ఛాతీ. చూడగానే ప్రేమ పుట్టే రూపం కాదు. పైగా అది చేసే మొదటి పెద్ద పని ఏమిటో తెలుసా? ఓడను ధ్వంసం చెయ్యడం. డాక్టర్ స్మిత్ అనే ద్రోహి దొంగతనంగా ఓడ ఎక్కి, బయల్దేరిన ఎనిమిది గంటలకు అన్నీ పగలగొట్టమని దానికి నూరిపోస్తాడు. దిగే టైం దాటిపోయి తనూ లోపలే ఇరుక్కుంటాడు, అతని బరువుతో ఓడ దారి తప్పుతుంది. రోబో మాత్రం చెప్పిన వేళకు చెప్పిన పని మొదలెడుతుంది. కోపం లేదు, జాలి లేదు. అక్కడ అది అచ్చంగా ‘అది’.

ఈ సీరియల్‌కి ముందు తీసిన నమూనా ఎపిసోడ్‌లో రోబో లేదు, స్మిత్ కూడా లేడు. తర్వాతే ఇద్దరినీ చేర్చారు. ఈ సంగతి తెలిసినప్పుడు నాకు సగం విషయం బోధపడింది. వాళ్లిద్దరూ జంట కవుల్లాంటి వాళ్లు, ఒకరిని తీసేస్తే ఇంకొకరు నిలబడరు. స్మిత్‌గా వేసిన జొనాథన్ హారిస్, కరడుగట్టిన విలన్‌గా ఉంటే తన పాత్ర ఎక్కువ కాలం బతకదని పసిగట్టి, దాన్ని నెమ్మదిగా పిరికి, బద్ధకస్తుడైన కోతలరాయుడిగా మార్చుకున్నాడు. డైలాగులు తనే తిరగరాసుకునేవాడు. రోబోను తిట్టిన తిట్లు అందులో ఆణిముత్యాలు. ‘బబుల్ హెడెడ్ బూబీ’, ‘నికెల్ ప్లేటెడ్ నింకంపూప్’, ఏ తిట్టుకా తిట్టు ఒకే అక్షరం మీద నడుస్తుంది. ఈ విద్య మన అమ్మమ్మలకు ఎవరూ నేర్పకుండానే వచ్చు. ‘దిక్కుమాలిన దద్దమ్మా’ అన్నప్పుడు ఆ దకారం ఎంత పని చేస్తుందో చూడు.

మా ఆవిడ మిక్సీని రోజూ తిడుతుంది, కానీ మిక్సీ నుంచి జవాబు ఆశించదు. స్మిత్ ఆశిస్తాడు. రోబో జవాబిస్తుంది కూడా, చాలా మర్యాదగా, చాలా వెటకారంగా. తిట్టేవాడు ఎదుటివాణ్ణి మనిషి కింద జమ కట్టేశాడన్నమాట. నీ కథలో అందరూ యంత్రమిత్రను పొగుడుతున్నారే గానీ, ఒక్కరైనా విసుక్కున్నారా?

ఆ డబ్బా లోపల బాబ్ మే అనే నటుడు ఉండేవాడు. గొంతు అతనిది కాదు, డిక్ టుఫెల్డ్‌ది, తర్వాత స్టూడియోలో కలిపేవాళ్లు. అయినా మే డైలాగులన్నీ బట్టీపట్టి లోపలి నుంచి పైకే చెప్పేవాడు, మాటకు తగ్గట్టు ఛాతీ దీపాన్ని తనే వెలిగించేవాడు. ప్రేక్షకుడికి వినపడని డైలాగుల కోసం అంత కష్టం దేనికి అంటావా? ఎదురుగా ఉన్న నటుడికి వినపడాలి కదా. నువ్వు రాసేటప్పుడు నీ మర మనిషి లోపల దూరి చూశావా? ఊపిరాడుతోందా, మెడ తిరుగుతోందా, ఎదుటివాడి మొహం ఎంతవరకు కనిపిస్తోంది?

నేను ఎక్కడ పడిపోయానో చెబుతాను. మొదటి సీజన్‌లో ‘వార్ ఆఫ్ ద రోబోట్స్’ అనే ఎపిసోడ్ ఉంది. ఇంటి చిన్నవాడు విల్‌కి పాడైపోయిన ఇంకో మర మనిషి దొరికితే బాగుచేస్తాడు. (ఆ కొత్తది నిజానికి 1956 నాటి ‘ఫర్బిడెన్ ప్లానెట్’ సినిమాలోని రాబీ. రెండు రోబోల రూపకల్పనలోనూ రాబర్ట్ కినోషిటా చెయ్యి ఉంది.) కొత్తది అన్ని పనులూ చకచకా చేసేస్తుంటే, పాతదాన్ని పట్టించుకునేవాళ్లు ఉండరు. కొత్తది ప్రమాదకరమని చెప్పినా ఎవరూ వినరు. పాత కోడలి పరిస్థితే అనుకో. అలా పక్కన నిలబడిపోయాడు చూడు, కన్నీళ్లు లేవు, మొహమే లేదు, అయినా నాకు గొంతు పట్టేసింది. అప్పుడు గమనించాను, మనసులో ‘పాపం వీడు’ అనుకుంటున్నానని.

అన్నీ మెచ్చుకోలేను. రెండో సీజన్ నుంచి రంగులొచ్చాయి, కథలు తేలిపోయాయి. చివర్లో మాట్లాడే కారట్ మనిషి దాకా దిగజారారు. అందులో కూడా వాడు మాత్రం నిలబడ్డాడు.

ఇంకోటి. యంత్రమిత్ర చేత ఒకే పంచ్ డైలాగ్ పదకొండుసార్లు అనిపించావు, లెక్కపెట్టాను. ‘డేంజర్, విల్ రాబిన్సన్’ అనే రోబో మాట ఆ సీరియల్ చూడనివాళ్లకు కూడా తెలుసు. ఆ మాట అచ్చంగా అలాగే వినిపించేది మొత్తంలో ఒక్కసారి, మూడో సీజన్‌లో. మిగతాదంతా జనం తమంతట తాము పట్టుకెళ్లింది.

వయసులో ఉండగా నేనూ ఒక మర మనిషి కథ రాసి ఒక పత్రికకు పంపాను. తిరిగొచ్చింది. అంచు మీద సంపాదకుడు ‘ఇతనికి పనేమిటి?’ అని రాశాడు. అప్పుడు మండిపోయింది. ఇప్పుడు నీ మూడో పేజీ అంచు మీద నేనూ అదే రాశాను, ఏమనుకోకు.

పదహారు భాషలు తీసేసి ఒక్కటి ఉంచు, అది కూడా సరిగ్గా రాకపోతే మరీ మంచిది. కథలో ఆ నస పెట్టే తాతయ్య ఉన్నాడే, రెండు పేజీల్లో చంపేశావు పాపం, ఆయన్ని బతికించి యంత్రమిత్ర పక్కన కూర్చోబెట్టు. మొదటి వాక్యం ‘తలుపు తీసింది’ అని మార్చు. ‘తీశాడు’ ఎక్కడ రావాలో ఆ తాతయ్యే చెబుతాడు. దసరా సెలవుల్లో వస్తావు కదా, ఆ ప్రతి తెచ్చుకో. ఈసారి బస్సులో చదవనులే.

ఆశీస్సులతో,
మాస్టారు