గ్రాఫైట్‌లో సగం చుక్కలు ఏమయ్యాయి?

ప్రశ్న: సార్, గ్రాఫైట్‌లో కార్బన్ పరమాణువులు తేనెపట్టులా ఆరుమూలల గళ్లలో ఉంటాయని చదివాం. క్లాసులో స్కానింగ్ టన్నెలింగ్ మైక్రోస్కోప్ ఫొటో చూపిస్తే చుక్కలన్నీ మూడుమూలలుగా ఉన్నాయి. గ్రాఫైట్‌లోని ఒక్క పొరే అయిన గ్రాఫీన్ ఫొటోలో మాత్రం గళ్లు సరిగ్గానే కనిపించాయి. తప్పు ఎక్కడ?
– ఎం.ఎస్సీ. ఫిజిక్స్ విద్యార్థిని, కడప

జవాబు: తప్పు ఎక్కడా లేదమ్మా, ‘ఫొటో’ అనే మాటతోనే వచ్చింది తంటా. ఆ మైక్రోస్కోప్‌లో లెన్సూ లేదు, వెలుతురూ లేదు. మొన మీద ఒక్క పరమాణువే మిగిలేంత సన్నటి లోహపు సూది, ఉపరితలాన్ని తాకకుండా, నానోమీటరు కన్నా తక్కువ ఎత్తులో తిరుగుతుంది. కాస్త వోల్టేజి పెడితే ఎలక్ట్రాన్లు ఆ ఖాళీని దాటేస్తాయి, ఆ కరెంటునే కొలుస్తాం. సూది 0.1 నానోమీటరు కదిలితే చాలు, కరెంటు దాదాపు పది రెట్లు మారిపోతుంది. నేను చదువుకునే రోజుల్లో ఎవరో తలుపు ధడేలున వేశారు, సూది వెళ్లి గ్రాఫైట్‌లో గుచ్చుకుంది, ఆ రోజుకి పని సరి! 1981లో దీన్ని కనిపెట్టిన బిన్నిగ్, రోరర్ ఇంత సున్నితమైనదాన్ని ఎలా పనిచేయించారో అని ఇప్పటికీ ఆశ్చర్యమే. 1986లో నోబెల్ ఊరికే రాలేదు.

ఇక నీ చుక్కల సంగతి. మీ కడప బండలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టే గ్రాఫైట్‌లోనూ పొర మీద పొర ఉంటుంది, మధ్య దూరం 0.335 నానోమీటర్లు. కానీ పై పొర కాస్త పక్కకి జరిగి ఉంటుంది. అందుకని దానిలో సగం పరమాణువుల కింద నేరుగా మరో పరమాణువు ఉంటుంది, మిగతా సగం కింద గడి మధ్య ఖాళీ. కింద తోడు ఉన్నవాటి ఎలక్ట్రాన్లు ఆ కింది పరమాణువుతో కలిసిపోయి, తక్కువ వోల్టేజిలో సూదికి పెద్దగా దొరకవు. తోడు లేనివే మెరుస్తాయి. అంటే సూది చూపేది పరమాణువుల్ని కాదు, మనం పెట్టిన వోల్టేజికి తగ్గ శక్తి దగ్గర ఎలక్ట్రాన్లు ఎక్కడ దొరుకుతాయో అది. గ్రాఫీన్ ఒక్క పొరే, తోడు గొడవే లేదు, ఆరు మూలలూ ఒకేలా కనిపిస్తాయి.

సూదిని ఒకేచోట ఆపి వోల్టేజి మారుస్తూ పోతే ఇంకా బాగుంటుంది: ఏ శక్తి దగ్గర ఎన్ని ఎలక్ట్రాన్ స్థితులున్నాయో (అంటే ఎలక్ట్రాన్లకు ఎంత చోటుందో) గ్రాఫ్ వస్తుంది. గ్రాఫీన్‌కి అది ‘వి’ ఆకారంలో దిగుతుంది, ఆ అడుగునే డిరాక్ బిందువు అంటారు.

మళ్లీ ఆ ఫొటోలు దొరికితే స్కేలు పెట్టి కొలువు. పక్కపక్క చుక్కల మధ్య 0.246 నానోమీటర్లు వస్తే సగమే కనిపిస్తున్నట్టు, 0.142 వస్తే అన్నీ కనిపిస్తున్నట్టు.