‘వోల్టేజ్ వల్ల కాలిపోయింది’ అని రాసిచ్చారు, వారంటీ పోయినట్టేనా?

ప్రశ్న: ఇంటి దగ్గరే కూర్చుని చిన్న వ్యాపారులకు లెక్కలు రాసి పెడుతుంటాను. అదే నా జీవనం. ఇందుకోసం అసెంబుల్డ్ డెస్క్‌టాప్ కొన్నాను. మూడేళ్ల వారంటీ అన్నారు. ఏడాది తిరక్కముందే ఒక రాత్రి పని మధ్యలో టప్పున ఆగిపోయింది. బటన్ ఎన్నిసార్లు నొక్కినా ఫ్యాన్ తిరగదు, మానిటర్‌లో ఏమీ రాదు. ప్లగ్ పెడితే మాత్రం పక్క అద్దంలోంచి లోపల చిన్న లైటు వెలుగుతూ కనిపిస్తుంది. అమ్మినవాళ్లకు ఇస్తే రెండు రోజులు ఉంచుకుని, ‘వోల్టేజ్ హెచ్చుతగ్గుల వల్ల మదర్‌బోర్డు కాలిపోయింది, వారంటీ వర్తించదు’ అని జాబ్ షీట్ మీద రాసిచ్చారు. సంతకం పెట్టి ఇంటికి తెచ్చుకున్నాను. అప్పటినుంచి ఫోన్ చేసినప్పుడల్లా ‘కంపెనీతో మాట్లాడుతున్నాం’ అంటారు. 20 నెలలయింది. అందులోని లెక్కలు అందక ఇద్దరు క్లయింట్లు నన్ను వదిలేశారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. తమ్ముడి స్నేహితుడు పవర్ సప్లై విప్పి బాగుచేస్తానంటున్నాడు. మోసం కేసు పెట్టవచ్చా? మానసిక క్షోభకు పరిహారం ఎంత రావచ్చు?

జవాబు: మీ ఉత్తరంలో కేసుకు పనికొచ్చేవి రెండే మాటలు. ఒకటి లోపల వెలుగుతున్న లైటు, రెండోది 20 నెలలు. నిద్ర సంగతి, వదిలేసిన క్లయింట్ల సంగతి తర్వాత.

ముందు గడువు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 69 ప్రకారం కేసుకు కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు దాఖలు చేయాలి. మూడేళ్ల వారంటీ ఇంకా నడుస్తోంది కదా అని మీరు ధీమాగా ఉన్నట్టున్నారు. వారంటీ గడువు వేరు, కేసు గడువు వేరు. కంప్యూటర్ ఆగిన రోజు నుంచా, వారంటీ వర్తించదని రాసిచ్చిన రోజు నుంచా అని వాదించుకోవచ్చు గానీ, అవతలి వకీలు రెండింట్లో పాత తేదీనే పట్టుకుంటాడు. మీరూ ఆ తేదీ నుంచే లెక్కపెట్టుకోండి. అంటే చేతిలో ఉన్నది నాలుగు నెలలకు మించదు. ‘మాట్లాడుతున్నాం’ అన్న ఫోన్ మాటలు గడువును ఒక్క రోజు కూడా జరపవు, మీరు పంపే నోటీసూ జరపదు. ఆలస్యానికి తగిన కారణం చూపితే వినియోగదారుల కమిషన్ మన్నించవచ్చని చట్టంలో ఉంది. కానీ ‘రేపు మాపు అంటే నమ్మాను’ అన్నది అంత గట్టి కారణం కాదు. 20 నెలల్లో ఒక్క ఈమెయిల్, ఒక్క ఉత్తరం కూడా రాయకుండా కూర్చున్నారు. లెక్కలు రాసే మనిషికి కాగితం విలువ నేను చెప్పాలా?

ఇక అసలు విషయం. ఈ కేసంతా ఒక్క ప్రశ్న మీద నిలబడుతుంది: భాగం తనంతట తానే చెడిందా, బయటి కరెంటు వల్ల పాడయిందా? మొదటిదైతే వారంటీ ఇవ్వాల్సిందే. రెండోదైతే చాలా వారంటీ షరతుల్లో మినహాయింపు ఉంటుంది. అందుకే జాబ్ షీట్ మీద ఆ ఒక్క వాక్యం రాశారు. ఏ పరీక్ష చేశారో, ఏ వోల్టేజ్ కొలిచారో, బోర్డు మీద ఎక్కడ కాలిందో, ఫోటో తీశారో లేదో, ఏదీ అందులో లేదు. మినహాయింపు తమకు వర్తిస్తుందని చెప్పేవాళ్లే దానికి ఆధారం చూపాలి.

ఆ లైటు సంగతి ఇక్కడే వస్తుంది. ప్లగ్ పెట్టగానే, బటన్ నొక్కకముందే, ఎస్‌ఎంపీఎస్ (మీరు పవర్ సప్లై అన్నది ఇదే) మదర్‌బోర్డుకు 5 వోల్టుల స్టాండ్‌బై కరెంటు ఇస్తుంది. చాలా బోర్డుల మీద ఆ లైటు వెలిగేది దానితోనే. మీ దగ్గర అది ఇప్పటికీ వెలుగుతోందంటే ఆ దారి వరకు కరెంటు వస్తోందన్నమాట. అప్పుడు లోపం బటన్ తీగలో ఉండవచ్చు, ఎస్‌ఎంపీఎస్‌లోని మిగతా వోల్టేజీల్లో ఉండవచ్చు, ర్యామ్‌లోనో ప్రాసెసర్ దగ్గరో ఉండవచ్చు, బోర్డులోనే మరోచోట ఉండనూ వచ్చు. లైటు వెలిగినంత మాత్రాన బోర్డు బాగుందని రుజువు కాదు, ఆ పొరపాటు వాదన చేయకండి. కానీ ‘వోల్టేజ్‌కు కాలిపోయింది’ అన్న ఒంటి వాక్యాన్ని ప్రశ్నించడానికి అది చాలు. ఆ రాత్రి అదే ప్లగ్ బోర్డుకు ఉన్న మానిటర్, రౌటర్ పాడయ్యాయా? మీరు రాయలేదు. అవి ఇప్పటికీ పనిచేస్తుంటే ఫిర్యాదులో తప్పక రాయండి.

అందుకే తమ్ముడి స్నేహితుణ్ణి ఆ పెట్టె దగ్గరికి రానివ్వకండి. ఎస్‌ఎంపీఎస్ విప్పడమంటే ప్రాణంతో చెలగాటం. ప్లగ్ తీసేశాక కూడా లోపలి కెపాసిటర్లలో ప్రమాదకరమైన వోల్టేజ్ కొంతసేపు నిలిచి ఉంటుంది. ప్రాణాపాయం తప్పినా కేసు మాత్రం దక్కదు. సీలు తెగిన మరుక్షణం అవతలివాళ్లు ‘బయటి మనిషి చెయ్యి పెట్టాడు, అందుకే పోయింది’ అంటారు. ఇక మీరు ఏం చెప్పినా ఎవరు నమ్ముతారు? అతను కొత్త ఎస్‌ఎంపీఎస్ బిగించి కంప్యూటర్ ఆన్ చేసినా సరే, పాతది చెత్తబుట్టలోకి పోతే మీ సాక్ష్యం కూడా దానితోనే పోతుంది. కేసు గెలవాల్సిన వస్తువును చేతులారా పారేసుకుని నా దగ్గరికి వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు.

మూత తీయకుండా మీరు చేయగలిగినవి, చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. అదే సాకెట్‌లో ఒక టేబుల్ లైటు పెట్టి వెలుగుతుందో లేదో చూడండి. కంప్యూటర్‌ను ఎక్స్‌టెన్షన్, యూపీఎస్ లేకుండా నేరుగా గోడ సాకెట్‌లో పెట్టండి. పవర్ కేబుల్ మార్చి చూడండి, మానిటర్ పవర్ కేబుల్ చాలాసార్లు దీనికీ సరిపోతుంది. పెట్టె వెనక ఎస్‌ఎంపీఎస్ మీద చిన్న స్విచ్ ఉంటుంది, అది గీత గుర్తు వైపు నొక్కి ఉండాలి, సున్నా వైపు కాదు. నవ్వకండి. కమిషన్ పంపిన నిపుణుడు ఆ స్విచ్ వేసి కంప్యూటర్ ఆన్ చేస్తే మీ పరువు ఏమవుతుంది? తర్వాత ప్లగ్ తీసేసి బటన్‌ను అర నిమిషం నొక్కి పట్టి, మళ్లీ ప్లగ్ పెట్టి చూడండి. మిగిలిపోయిన చార్జ్ వల్ల మొరాయించే యంత్రాలు కొన్ని దీనితో లేస్తాయి.

ఇదంతా ఫోన్‌లో ఒకే వీడియోగా, మధ్యలో ఆపకుండా తీయండి. సీలు, పెట్టె మీది సీరియల్ నంబరు, లోపలి లైటు, బటన్ నొక్కినా కదలని ఫ్యాన్ అన్నీ అందులో కనిపించాలి. వీడియో ఆ ఫోన్‌లోనే ఉంచండి, చెరపకండి. దాని కాపీని సాక్ష్యంగా ఇచ్చేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమ్, 2023 సెక్షన్ 63 కింద ధ్రువపత్రం కూడా జత చేయండి. మామూలు కోర్టుల్లా కమిషన్ సాక్ష్య నియమాలను అంత కఠినంగా పాటించకపోయినా, వేలెత్తి చూపే సందు మనమెందుకు వదలాలి?

మీ బిల్లు ఎలా ఉందో రాయలేదు. ‘కంప్యూటర్ సెట్ ఒకటి’ అని ఒకే గీతలో ఉండి ఉంటుందని నా అనుమానం. అసెంబుల్డ్ యంత్రంలో ఒక్కో భాగానికి ఒక్కో కంపెనీ, ఒక్కో వారంటీ గడువు ఉంటాయి. బిల్లులో సీరియల్ నంబర్లు లేకపోతే, లోపల ఉన్న బోర్డు తాము ఇచ్చిందేనా అని అమ్మినవాళ్లే అడుగుతారు. భాగాల ఖాళీ డబ్బాలు అటక మీద ఉంటే దించండి, నంబర్లు వాటి మీద ఉంటాయి. బిల్లు మీ వ్యాపారం పేరుతో, జీఎస్‌టీ నంబరుతో ఉందా? అయితే ‘వాణిజ్య అవసరానికి కొన్నాడు, వినియోగదారుడే కాదు’ అంటారు. వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(7) వివరణ ప్రకారం స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసమే కొని వాడుకుంటే అది వాణిజ్య అవసరం కిందికి రాదు. ఫిర్యాదులో ఆ సంగతి స్పష్టంగా రాయాలి, ఊహించుకోమని వదిలేయకూడదు.

జాబ్ షీట్ మీద సంతకం పెట్టారు కదా, కింద ‘చదివి ఒప్పుకున్నాను’ అని అచ్చయి ఉందేమో చూడండి. ‘వస్తువు ముట్టింది, కారణం ఒప్పుకోను’ అని పెన్నుతో ఒక ముక్క రాసి ఉంటే ఈ తంటా ఉండేది కాదు. ఇప్పుడైనా ఈ వారంలోనే ఈమెయిల్, స్పీడ్ పోస్టు రెండింటిలోనూ నోటీసు పంపండి: మీరు రాసిన కారణాన్ని ఒప్పుకోవడం లేదు, పరీక్ష వివరాలు, ఫోటోలు ఇవ్వండి, 15 రోజుల్లో బాగుచేయండి లేదా భాగం మార్చండి అని. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో కూడా నమోదు చేయండి, కొందరు అక్కడే దిగొస్తారు. జవాబు వచ్చినా రాకపోయినా వచ్చే నెల దాటకుండా జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు వేయండి. మీరు నివసించే జిల్లాలోనే వేయవచ్చు, సెక్షన్ 34 ఆ వీలు ఇస్తోంది. చెల్లించిన ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌గా కూడా దాఖలు చేయవచ్చు. అమ్మినవారితో పాటు మదర్‌బోర్డు, ఎస్‌ఎంపీఎస్ కంపెనీలను కూడా ప్రతివాదులుగా చేర్చండి. ఏ భాగం పోయిందో తేలనప్పుడు ఒకరినే చేరిస్తే వారు రెండోవారి మీదికి నెట్టేస్తారు.

ఫిర్యాదుతో పాటే సెక్షన్ 38(2)(సి) కింద పరీక్షకు దరఖాస్తు పెట్టండి. సీలు వేసి తగిన ల్యాబ్‌కు పంపించి నివేదిక తెప్పించే అధికారం కమిషన్‌కు ఉంది. పరీక్ష ఫీజు మొదట మీరే కట్టాలి, కట్టండి. మీ కేసుకు ప్రాణం ఆ నివేదికే.

మోసం కేసు ఆలోచన మానేయండి. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318 కింద మోసం అనాలంటే అమ్మేటప్పుడే మోసం చేసే ఉద్దేశం ఉండాలి. వస్తువు తర్వాత చెడిపోవడం మోసం కాదు. కంప్యూటర్ మొత్తం ధర వెనక్కి వస్తుందని కూడా ఆశపెట్టుకోకండి. చెడిన భాగం మార్చే వారంటీ ఉన్నప్పుడు కారు మొత్తం మార్చమనడం సరికాదని 2006లో సుప్రీం కోర్టు ఒక కేసులో చెప్పింది, మీ పెట్టెకూ అదే వాదన వస్తుంది. మానసిక క్షోభకు కమిషన్ పరిహారం ఇవ్వవచ్చు, కానీ అది మీరు ఊహించుకునేంత ఉండదు. క్లయింట్లు పోయిన నష్టం అడగాలంటే వాళ్లు మానేస్తూ పంపిన మెసేజ్, అంతకుముందు కట్టిన ఫీజుల బ్యాంకు వివరాలు జతపరచాలి. అవి లేకుండా అంకె వేయకండి.

లెక్కల ఫైళ్ల సంగతి. కరెంటు అందక కంప్యూటర్ ఆగిపోతే డిస్క్‌లోని డేటా పోయినట్టు కాదు, చాలాసార్లు అది పదిలంగానే ఉంటుంది. ల్యాబ్ పరీక్ష అయ్యేవరకు డిస్క్ కూడా ముట్టకూడదు. మరీ అత్యవసరమైతే అవతలివాళ్ల సమక్షంలో, రాతపూర్వకంగా, డిస్క్ ఒక్కటే బయటికి తీయడానికి కమిషన్ అనుమతి అడగండి. డిస్క్‌కు బిట్‌లాకర్ (డేటాకు విండోస్ వేసే తాళం) ఉంటే, బోర్డు మార్చాక అది రికవరీ కీ అడుగుతుంది. మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి వెళ్లి ఆ కీ ఉందో లేదో ఈరోజే చూసుకుని, కాగితం మీద రాసి పెట్టుకోండి.